పేరులో ఒక్క అక్షరం: రష్యా వర్క్ వీసా, నా అనుభవం

రష్యాలోని కజాన్ ఊళ్లో ఒక యూనివర్సిటీలో ఇంగ్లిష్ చెబుతున్నాను. వచ్చి ఏడాది దాటింది. వారానికి ఒక్కరైనా ఫోన్ చేసి అడుగుతారు, "అక్కా, రష్యా వీసా ఎలా వచ్చింది? ఏజెంట్ ఎవరు?" అని. ఏజెంట్ ఎవరూ లేరు. మొదటి ఇంటర్వ్యూ నుంచి విమానం ఎక్కేదాకా తొమ్మిది నెలలు పట్టింది. అందులో సగం నా పేరు సరిచేసుకోడానికే పోయింది. అడిగిన ప్రతి ఒక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే నయమనిపించింది.

మాది ఖమ్మం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కాకతీయలో ఎం.ఏ. ఇంగ్లిష్ చేసి, తర్వాత హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఇంగ్లిష్ బోధనలో పీజీ డిప్లొమా చేశాను. అక్కడే సాయంత్రం పూట రష్యన్ నేర్చుకున్నాను. మాట్లాడటం పెద్దగా రాకపోయినా అక్షరాలు మాత్రం గట్టిగా పట్టుబడ్డాయి. ఆ అక్షరాలే తర్వాత నన్ను కాపాడాయి.

2023 నవంబరులో ముందు ఒక ప్రైవేటు లాంగ్వేజ్ సెంటర్ వాళ్లతో మాట్లాడాను. రష్యాలో ఇంగ్లిష్ టీచర్ ప్రకటనల్లో చాలావాటిలో 'నొసీతెల్ యజికా' అని ఉంటుంది, అంటే ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లు అని. పాస్‌పోర్ట్ మీద ఇండియా అని చూడగానే కొందరు జవాబే ఇవ్వలేదు. వీళ్లు ఇచ్చారు. డెమో క్లాసు బాగుందన్నారు. చివర్లో ఆ మాట వచ్చింది: "ముందు టూరిస్టుగా వచ్చేయండి, వచ్చాక చూద్దాం." 2023 ఆగస్టు నుంచి మనవాళ్లకి ఈ-వీసా ఉంది. అప్పట్లో దానిమీద 16 రోజులు ఉండొచ్చు. నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది కదా అని వాళ్ల ఆలోచన.

వద్దన్నాను. ఈ-వీసా మీద గాని టూరిస్టు వీసా మీద గాని అక్కడ జీతానికి పని చేయకూడదు. దొరికితే జరిమానాతో పోదు, దేశం నుంచి పంపించేస్తారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి మళ్లీ అడుగు పెట్టనివ్వరు. మా కాలేజీలో నాతో పనిచేసినావిడ "అందరూ అలాగే వెళ్తారు, నువ్వొక్కదానివే ఇలా" అంది. ఆ మాటకి రెండు రోజులు నిద్ర పట్టలేదు. అయినా వద్దనే అనుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా అదే దారి అడిగితే, దయచేసి ఆ పని చేయకండి అని చేతులు పట్టుకుని చెబుతాను.

సరైన దారి ఏంటో అప్పుడే కూర్చుని చదువుకున్నాను. ప్రైవేటు సంస్థ మనల్ని ఉద్యోగంలోకి తీసుకోవాలంటే, విదేశీయుల్ని పెట్టుకోడానికి ముందు తను అనుమతి తెచ్చుకోవాలి, మన పేరు మీద వర్క్ పర్మిట్ తీయాలి. ఆ పర్మిట్ కోసం మనం రష్యన్ భాష, చరిత్ర, చట్టాల మీద ఒక పరీక్ష రాయాలి. జీతం చాలా ఎక్కువైతే ఉన్నత నైపుణ్య నిపుణుల వీసా అని వేరే ఉంది, మూడేళ్ల దాకా ఇస్తారు. మనలాంటి టీచర్లకి ఎక్కువగా పనికొచ్చేది మూడోది: గుర్తింపు ఉన్న యూనివర్సిటీ బోధన కోసం పిలిస్తే విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేదు, వర్క్ వీసా ఉంటే చాలు. అందుకే సెంటర్లు వదిలేసి యూనివర్సిటీలకే రాయడం మొదలుపెట్టాను. జనవరిలో కజాన్ నుంచి పిలుపొచ్చింది. వీడియోలో ఇరవై నిమిషాల డెమో, ఆ తర్వాత గంటసేపు ప్రశ్నలు. పుట్టుకతో వచ్చిన భాషా కాదా అని ఒక్కరూ అడగలేదు. క్రియాపదాలు ఎలా చెబుతావని అడిగారు. నెలాఖరుకి తీసుకుంటున్నామని ఉత్తరం పంపారు.

ఆ ఉత్తరంతోపాటే పాస్‌పోర్ట్ స్కాన్ అడిగారు. పంపాను. మర్నాడే అంతర్జాతీయ విభాగం ఆవిడ నుంచి జవాబు: "మీ ఇంటిపేరు ఏది?"

నా పాత పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ. ఇంటిపేరూ పేరూ కలిపి మొత్తం పేరు గడిలోనే ఉంది. మనవైపు ఎంతమంది పాస్‌పోర్ట్‌లు ఇలా ఉన్నాయో! టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఎం.ఏ. పట్టాలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. ఆధార్‌లో ఇంకోలా. మనకి ఇదేం తప్పుగా అనిపించదు, ఊళ్లో అందరికీ తెలిసిన మనిషివే. రష్యా వాళ్ల ప్రతి ఫారంలో మాత్రం మూడు గళ్లు ఉంటాయి: ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు నుంచి వచ్చే 'ఓచెస్త్వో'. మూడోది విదేశీయులకి తప్పనిసరి కాదు. మొదటిది ఖాళీగా ఉంటే ప్రతి ఆఫీసులో ఒక ప్రశ్న, ప్రతి ప్రశ్నకి ఒక వారం. అలా కూడా నెట్టుకొచ్చేవాళ్లు ఉన్నారు. నేను మాత్రం పాస్‌పోర్ట్ మార్పించుకున్నాను. వివరాల మార్పుతో రీ-ఇష్యూకి 1,500 రూపాయలు కట్టి, స్లాట్ బుక్ చేసుకుని, పోలీసు వెరిఫికేషన్ అయ్యి, కొత్తది చేతికొచ్చేసరికి మార్చి.

ఆ మార్చి మా ఇంట్లో ఎవరం మర్చిపోలేం. ఉద్యోగమని చెప్పి రష్యా తీసుకెళ్లి యుద్ధంలోకి నెట్టిన మన కుర్రాళ్ల వార్తలు వరసగా వచ్చాయి. హైదరాబాద్ కుర్రాడు ఒకరు చనిపోయారని మాస్కోలోని మన ఎంబసీ ప్రకటించింది. నాన్న టీవీ కట్టేసి, "అమ్మాయ్, ఇక వద్దులే" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు, అన్నం మాత్రం తినలేదు. నేను నాన్న ముందు ల్యాప్‌టాప్ పెట్టి యూనివర్సిటీ పంపిన కాంట్రాక్టు ముసాయిదా ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. ఉద్యోగం ఏంటి, వారానికి ఎన్ని గంటలు, ఎక్కడ ఉంటాను, ఎవరు జీతం ఇస్తారు. ఆ యూనివర్సిటీలో మెడిసిన్ చదివే ఖమ్మం జిల్లా పిల్లాడు ఒకడు దొరికితే వాడితో మాట్లాడించాను. వాడు క్యాంపస్‌లో నడుస్తూ నాన్నకి వీడియోలో అన్నీ చూపించాడు. "ఆ ఏజెంట్లు కాంట్రాక్టు ముందు చూపించలేదు నాన్నా, వీళ్లు చూపించారు" అన్నాను. వారం తర్వాత గాని ఆయన సరే అనలేదు. ఆ భయం తప్పు కాదు. ఇప్పుడు వెళ్లేవాళ్ల ఇళ్లలో కూడా ఆ ప్రశ్న రావాలి, దానికి కాగితం మీద జవాబు ఉండాలి.

కొత్త పాస్‌పోర్ట్ వచ్చాక పోలీస్ క్లియరెన్స్. అక్కడ బోధనలో చేరాలంటే నేరచరిత్ర లేదన్న పత్రం తప్పనిసరి. మనకి పాస్‌పోర్ట్ ఆఫీసు ద్వారా 500 రూపాయలకి వస్తుంది, దానిమీద పాస్‌పోర్ట్ నంబరు ఉంటుంది. పాత పాస్‌పోర్ట్ మీద ముందే తీసుకుని ఉంటే చెత్తబుట్టలోకి పోయేది. అందుకే వరస ముఖ్యం అంటాను: మొదట పాస్‌పోర్ట్, దాని వెనకే పోలీస్ క్లియరెన్స్, ఆ తర్వాతే అపోస్టిల్, అనువాదం. ప్రతి కాగితమూ ముందు కాగితాన్ని చూసి పుట్టేదే.

అపోస్టిల్ అంటే 1961 హేగ్ ఒప్పందం ప్రకారం వేసే ముద్ర. ఇండియా, రష్యా రెండూ ఆ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి ఎంబసీ ముద్రలు అక్కర్లేదు, ఇది చాలు. చదువు సర్టిఫికెట్లకి ముందు రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి, ఆ తర్వాత విదేశాంగ శాఖ పత్రం వెనక స్టిక్కర్ వేస్తుంది. శాఖ తీసుకునేది పత్రానికి 50 రూపాయలే. మిగతా ఖర్చంతా తిరుగుళ్లది, సర్వీసు చార్జీలది.

మొదటి మెట్టు దగ్గరే నా పట్టా వెనక్కి వచ్చింది. లామినేషన్ ఉంటే తీసుకోరట.

ఆ లామినేషన్ నాన్న చేయించింది. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసిన మనిషి, ఇంట్లో మొదటి ఎం.ఏ. పట్టా అని మురిసిపోయి, నేను ఇంటికి తెచ్చిన రోజే తీసుకెళ్లి చేయించుకొచ్చారు. ఇప్పుడు ఆయనే దాన్ని చంకలో పెట్టుకుని మా వీధి చివర జిరాక్స్ షాపుకి నడిచారు, వెనక నేను. షాపతను ముందు ఒక పనికిరాని కాగితం మీద ప్రయత్నించి చూశాడు. తర్వాత అమ్మాయిలు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ ఒకటి తెప్పించి, ఒక మూల వేడి చేస్తూ బ్లేడు మొనతో ప్లాస్టిక్ అంచు లేపాడు. చేతివేలంత లేచాక ఆగి, మళ్లీ వేడి పెట్టి, మళ్లీ వేలంత. నాన్న రెండు చేతులతో కాగితం బల్లకి అదిమి పట్టుకున్నారు. గంట పైనే పట్టింది. కింది మూలన బోర్డరు పువ్వు ఒకటి ప్లాస్టిక్‌తో పాటు ఊడి వచ్చింది. సీలు, సంతకం, అక్షరాలు నిలిచాయి. షాపతను డబ్బులు తీసుకోలేదు. నాన్న దారిలో ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంటికి రాగానే ఆ పట్టాని కొత్త ఫైలులో పెట్టి, పైన తెల్ల కాగితం కప్పి ఇచ్చారు. మీ సర్టిఫికెట్లకి లామినేషన్ లేకపోతే ఇప్పుడు చేయించకండి. ఉంటే మాత్రం మాలా బ్లేడు పట్టే ముందు యూనివర్సిటీలో డూప్లికేట్ సంగతి అడగండి. మాకు అదృష్టం కలిసొచ్చింది.

పట్టాలో పొడి అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తి ఇంటిపేరు. రెండూ ఒక మనిషివే అని నోటరీ అఫిడవిట్ చేయించి దానికీ అపోస్టిల్ వేయించాను. ఎవరూ అడగకముందే. తర్వాత కజాన్‌లో రెండుసార్లు పనికొచ్చింది.

ఇక రష్యన్ అక్షరాల గొడవ. నా పేరులో 'జ' ఉంది, 'హ' ఉంది. రష్యన్‌లో 'జ'కి ఒకే అక్షరం లేదు, 'ద' పక్కన 'ఝ'లాంటి అక్షరం కలిపి రాస్తారు. 'హ' అసలే లేదు. దానికి బదులు కొన్ని పేర్లలో గొంతులోంచి వచ్చే 'ఖ' రాస్తారు, కొన్నిట్లో 'గ' రాస్తారు. హైదరాబాద్ వాళ్లకి 'ఖైదరాబాద్', హాంబర్గ్ మాత్రం 'గాంబూర్గ్'. ఇంకొందరు ఆ అక్షరమే మింగేస్తారు. స్కాన్లు పంపితే అక్కడి అనువాదకులు పాస్‌పోర్ట్ అనువాదంలో ఒకలా, డిప్లొమా అనువాదంలో ఇంకోలా రాశారు. నాకు రష్యన్ అక్షరాలు రాకపోయి ఉంటే అది నా కంట పడేదే కాదు. వెంటనే రాశాను: నా పేరు ఇలాగే రాయండి, ప్రతి కాగితంలో ఇవే అక్షరాలు అని, పెద్దక్షరాల్లో టైపు చేసి మరీ పంపాను. మార్చారు. రష్యన్ రానివాళ్లు కూడా తమ పేరు ఆ లిపిలో ఎలా ఉంటుందో ఒక్కటి నేర్చుకోండి. పది అక్షరాలు, ఒక సాయంత్రం పని.

వర్క్ వీసాకి ముందు అక్కడి నుంచి ఆహ్వాన పత్రం రావాలి. అది యూనివర్సిటీ తనంతట తాను రాసిచ్చేది కాదు. వాళ్లు అక్కడి అంతర్గత వ్యవహారాల శాఖకి దరఖాస్తు పెడితే, ఆ శాఖ ఇస్తుంది. అందులో పేరు రెండు లిపుల్లో, పాస్‌పోర్ట్ నంబరు, వచ్చే పని, పిలిచే సంస్థ, వెళ్లే ఊళ్లు, తేదీలు ఉంటాయి. వచ్చే పని దగ్గర జీతానికి ఉద్యోగం అని ఉండాలి. జూన్ చివర నా ఆహ్వానం స్కాన్ వచ్చింది. ఫోన్‌లో తెరిచి, సంతోషం పట్టలేక అమ్మకి చూపించాను. రాత్రి పెద్ద స్క్రీన్ మీద అక్షరం అక్షరం చదివితే రష్యన్ లిపిలో అంతా సరిగ్గా ఉంది, ఇంగ్లిష్ లిపిలో 'హెచ్' లేదు.

ఒక్క అక్షరమే, సర్దుకుంటారులే అని కొందరన్నారు. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండకపోతే వీసా కూడా అదే తప్పుతో వస్తుంది, తర్వాత సరిహద్దులో ఆపేది నన్ను. అర్ధరాత్రే మెయిల్ రాశాను. మర్నాడు యూనివర్సిటీ ఆవిడ ఫోన్ చేసి, "బాధపడకండి, మళ్లీ పెడతాం, కానీ మళ్లీ అంతే సమయం పడుతుంది" అంది. సెప్టెంబరు మొదట్లో క్లాసులు. కాలేజీలో రాజీనామా ఇచ్చేశాను. ఆ నాలుగు వారాలు రోజూ సాయంత్రం అయిదింటికి మెయిల్ చూసుకునేదాన్ని. మనకంటే కజాన్ రెండున్నర గంటలు వెనక, వాళ్ల ఆఫీసు అప్పుడు మధ్యాహ్నం భోజనాలు ముగించి కూర్చుంటుంది. జూలై 24న కొత్తది వచ్చింది. 'హెచ్' ఉంది.

అలా ఎదురుచూస్తున్నప్పుడే హెచ్‌ఐవీ పరీక్ష చేయించాను. మూడు నెలలు దాటి ఉండబోయేవాళ్లకి ఆ పత్రం కావాలి. నా మొదటి వీసా 90 రోజులకి, ఒక్క ప్రవేశానికే. అయినా అక్కడ పొడిగించేదే కాబట్టి ముందే తీసుకున్నాను. మూడు నెలలే చెల్లుతుంది కాబట్టి మరీ తొందరపడి చేయించకండి. ల్యాబ్ వాళ్లు మామూలుగా ఇచ్చే రిపోర్టులో పాస్‌పోర్ట్ నంబరు ఉండదు, అడిగి వేయించుకోండి. ఫలితం, తేదీ, డాక్టరు సంతకం, సీలు అన్నీ ఉండాలి.

మన రెండు రాష్ట్రాలూ చెన్నైలోని రష్యా కాన్సులేట్ కిందికి వస్తాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపి, ప్రింట్ తీసి, సంతకం పెట్టి, ఫొటో అంటించాలి. నేను ఖమ్మంలో చార్మినార్ ఎక్కి పొద్దున్నే ఎగ్మోర్‌లో దిగాను. వీసా కేంద్రం కౌంటర్లో అమ్మాయి ఆహ్వానం పక్కన పాస్‌పోర్ట్ పెట్టి, పెన్ను మొనతో ఒక్కో అక్షరం తాకుతూ సరిచూసింది. రెండుసార్లు. ఆ పెన్ను 'హెచ్' దగ్గర ఆగి ముందుకి కదిలినప్పుడు నా గుండె చప్పుడు నాకే వినిపించింది. మూడు నిమిషాల్లో ఫైలు తీసుకుని రసీదు ఇచ్చింది. ఆ మూడు నిమిషాల కోసమే ఫిబ్రవరి నుంచి తిరిగింది. రైలుకి ఇంకా టైముంటే శాంథోమ్ రోడ్డు మీద నడిచి బీచ్‌కి వెళ్లి కూర్చున్నాను.

వీసా ఆగస్టు రెండో వారంలో వచ్చింది. చేతికి రాగానే పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు, మొదలయ్యే తేదీ, రకం చూసుకోవాలి, ఇంటికెళ్లాక కాదు. మొదలయ్యే తేదీకి ముందు రాత్రి విమానం దిగినా లోపలికి రానివ్వరు. టికెట్ ఆ తేదీ చూసుకునే కొనండి.

డబ్బు సంగతి ఎవరూ ముందు చెప్పరు. 2022 మార్చి నుంచి బయటి దేశాల బ్యాంకులు ఇచ్చిన వీసా కార్డులు, మాస్టర్ కార్డులు రష్యాలో పనిచేయవు. మామూలుగా మన రిజర్వ్ బ్యాంకు విదేశీ నోట్లు 3,000 డాలర్ల దాకానే తీసుకెళ్లనిస్తుంది, రష్యాకి మాత్రం మినహాయింపు ఉంది, అంతకు మించి కూడా నోట్లుగా తీసుకెళ్లొచ్చు. మొదటి జీతం దాకా బతకడానికి సరిపడా డాలర్లు బ్యాంకులో మార్చుకుని, ఆ రసీదు దాచుకున్నాను. ఇంకొకటి: ఏడాదిలో 183 రోజులు ఉండేదాకా జీతంలో 30 శాతం పన్ను కోస్తారు, ఆ తర్వాతే 13. నేను ఆగస్టు చివర దిగాను కాబట్టి ఆ సంవత్సరమంతా 30 శాతమే. కాంట్రాక్టులో జీతం చూసి ఇంట్లో లెక్క వేసుకునేవాళ్లు ఇది కలుపుకోండి.

దుబాయ్ మీదుగా ఆగస్టు 28న కజాన్‌లో దిగాను. పాస్‌పోర్ట్ చూసే ఆవిడ మైగ్రేషన్ కార్డు ముద్రించి ఇచ్చింది. వచ్చిన పని దగ్గర 'రబోత', అంటే ఉద్యోగం అని ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకున్నాను. వెనకవాళ్లు విసుక్కున్నా కదల్లేదు. ఏడు పనిదినాల్లోపు ఉండే చోటు నమోదు కావాలి, హాస్టల్ వాళ్లే చేశారు. ఉద్యోగానికి వచ్చినవాళ్లు 30 రోజుల్లోపు వేలిముద్రలు, ఫొటో, వైద్య పరీక్షలు పూర్తి చేసుకోవాలి. ఛాతీ ఎక్స్‌రే, రక్తం, మూత్రం, చర్మ డాక్టరు. ఒక పొద్దుటి పని, క్యూలు మాత్రం పెద్దవి. అయ్యాక ఆకుపచ్చ ప్లాస్టిక్ కార్డు ఇస్తారు.

2024లో సెప్టెంబరు 1 ఆదివారం వచ్చింది, అందుకే మా క్లాసులు సోమవారం మొదలయ్యాయి. మొదటి క్లాసులో పిల్లలు నన్నేమని పిలవాలో తెలియక ఇబ్బంది పడ్డారు. అక్కడ టీచర్ని పేరూ తండ్రి పేరూ కలిపి పిలవడం మర్యాద. నాన్న పేరు బోర్డు మీద రష్యన్ అక్షరాల్లో రాశాను. ముందు బల్ల మీద అమ్మాయి దాని చివర రష్యన్ పద్ధతిలో తోక తగిలించి, నా పేరు పక్కన చేర్చి చదివింది. ఆ రాత్రి ఫోన్‌లో చెబితే నాన్న మూడుసార్లు చెప్పించుకున్నారు.

వీసా పొడిగింపుకి అక్టోబరులో పాస్‌పోర్ట్ తీసుకుని రసీదు ఇచ్చారు. పాస్‌పోర్ట్ తిరిగొచ్చేదాకా ఎక్కడికీ కదల్లేం. ఒక్క ప్రవేశం వీసా కాబట్టి వెళ్తే మళ్లీ రాలేం కూడా. బతుకమ్మ, దసరా ఇక్కడే అయిపోయాయి. మన మెడిసిన్ ఆడపిల్లలు పూల కొట్లో చామంతులు కొని చిన్న బతుకమ్మ పేర్చారు, నన్నూ పిలిచారు.

నవంబరు మూడో వారంలో ఫోన్ వచ్చింది, వచ్చి తీసుకోమని. ఏడాది వీసా, ఎన్నిసార్లయినా రావొచ్చు వెళ్లొచ్చు. కౌంటర్ దగ్గర రెండు లిపుల్లోనూ పేరు వేలు పెట్టి చదివి, తేదీలు చూసుకుని, అప్పుడు సంతకం పెట్టాను. హాస్టల్‌కి నడుస్తూనే ఇంటికి ఫోన్ చేశాను. సంక్రాంతికి అందను, పరీక్షలున్నాయి, జనవరి నెలాఖరుకి వస్తానన్నాను. "అరిసెలు పాడవ్వవులే, డబ్బాలో పోసి ఉంచుతా" అంది అమ్మ.